గడపలోని పాట



ఈ మాసము మీతో ముచ్చటింపబూనినది ఒక పల్లె పాటగాని చరిత్రము. పాటగానిది యనుటకంటె పాటగాండ్రయిన దంపతులది యనుట యుక్తము. ఏలయన ఆ పాటలో సగము మగనిది, సగము ఆలిది. ఊరూర తిరిగి కథలు చెప్పుకొని బ్రదికిన ఆ యిరువురు ముదిమియందు చలనచిత్రమున కనబడి, రెండు తెలుగు రాష్ట్రములందును ఇల్లిల్లును కంటతడి పెట్టించిరి. వారి కథకు ముందు నా తప్పొకటి మీ యెదుట చెప్పుకొనవలసియున్నది.

మా నివాసము గండిమైసమ్మ. హైదరాబాదునుండి నర్సాపూరునకు పోవు బాటమీద, దుండిగల్లునకు చేరువను గల కూడలి యిది. తెలంగాణమున మైసమ్మ చెరువుకట్టలను గాచు తల్లి. ఆ తల్లి పేరే మా కూడలికిని గలదు. నగరము చుట్టు 158 కిలోమీటర్ల వలయరహదారి వచ్చినపిదప ఇచ్చటి చెలకలును మళ్లును ప్లాట్లయినవి, మేడలు లేచినవి, కాలేజీ బస్సుల రొదలో పక్షికూత వినబడుటయే అరుదైనది. అయినను అప్పుడప్పుడు పూర్వపు పల్లె మా వాకిటికి వచ్చి నిలుచును.

నాలుగైదేండ్ల క్రిందట ఒక వేసవి మధ్యాహ్నము గేటు కడ తంత్రీనాదము వినవచ్చెను. తొంగిచూచితిని. తలపాగ చుట్టిన ముదుసలి యొకడు భుజమున శారద నానించి మీటుచుండెను. ప్రక్కను అతని భార్య, చేత బుడిగె. అప్పుడే పొయ్యిమీద పప్పు పొంగుచుండెను. పిల్లలు బడినుండి వచ్చు వేళ. నాకు విసుగు వచ్చెను. "చేయి తీరలేదమ్మా, అవతలికి పొండి" అంటిని. ఆమె కోపింపలేదు. "మంచిది బిడ్డా, నీ పిల్లలు సల్లగుండాలె" అని భర్త చేయి పట్టుకొని సాగిపోయెను. పాట మొదలైనను కాలేదు. ఆ దంపతులెవరో, ఏ యూరివారో నేనెఱుగను. ఆ మాట మాత్రము నా చెవిని నిలిచియున్నది.

శారద యనునది తంబురవంటి వాద్యము. దానిని మీటుచు, చేతి వ్రేళ్లకు దొడిగిన అందెలను మ్రోగించుచు మగడు కథ నడుపును. భార్య బుడిగె వాయించుచు వంత పాడును. బుడిగ జంగముల వృత్తి యిది. బాలనాగమ్మ కథ, కాంభోజరాజు కథ, సర్వాయి పాపని కథ వంటి పెద్దకథలను ఏ పుస్తకమును జూడక రాత్రులు రాత్రులు చెప్పగల ధారణ వీరిది. పండితులు శతావధానమున కొన్ని పద్యములు ధారణ చేసినచో శాలువలు కప్పుదుము. వేలకొలది పాదములను కంఠమున మోయు నిరక్షరాస్యునకు గిద్దెడు బియ్యము వేసి పంపుదుము. అదియైనను వేయని దినము నాకు గలదని యిపుడే చెప్పితిని.

ఓరుగల్లు ప్రాంతమున వీరికి మరియొక పని గూడ గలదు. ఇంట పెద్దవారు గతించినప్పుడు, పెద్దకర్మనాడు వీరిని పిలిపింతురు. పోయినవారి పేరు, బిడ్డల పేర్లు, వారు పడిన పాట్లు అడిగి తెలిసికొని, అప్పటికప్పుడు పాటగా అల్లి వినిపింతురు. ఏడవలేక గడ్డకట్టిన గుండెలు ఆ పాటతో కరగును. దుఃఖమునకు దారి చూపుట యొక విద్యయని మన పూర్వులెఱిగిరి. ఆ విద్యను వీరి కప్పగించిరి.

అట్టి విద్య గలవారే వరంగల్లు జిల్లా దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్యయు, ఆయన భార్య కొమురమ్మయు. జీవితమంతయు వారు పల్లెలలో కథలు చెప్పుకొనిరి. 2023 మార్చి 3వ తేదీన విడుదలయిన 'బలగం' చిత్రము వారిని లోకమునకు జూపెను. దర్శకుడు సిరిసిల్లకు చెందిన వేణు యెల్దండి. అంతకుముందు హాస్యనటుడుగా పేరొందినవాడు. ఇచ్చట ఒక మాట. పన్నెండు మెట్ల కిన్నెర వాయించి 2022లో పద్మశ్రీ పొందిన దర్శనం మొగులయ్య వేరు, ఈ మొగిలయ్య వేరు. ఆయన నాగర్‌కర్నూలు ప్రాంతమువాడు. 2021లో 'భీమ్లా నాయక్' చిత్రపు పాటలో పాడినవాడు. పేర్లు పోలియుండుటచే పలువురు పొరబడుచున్నారు.

చిత్రము చూడని సోదరీమణులకై కథ టూకీగా చెప్పెదను. ఒక పల్లెలో వృద్ధుడొకడు కాలము చేసెను. పిండమును కాకి ముట్టదయ్యెను. ఆయనకు తీరని కోరిక యేమియని ఊరెల్ల తర్కించెను. సంగతి యేమన, ఆ యింటి బిడ్డలు విడిపోయియుండిరి. ఎన్నియో యేండ్ల క్రిందట విందులో అల్లునకు నల్లిబొక్క వడ్డింపలేదని మొదలైన మాటపట్టింపు ముదిరి, కూతురు పుట్టింటి గడప త్రొక్కుట మానెను. పెద్దకర్మనాడు శారద పట్టిన దంపతులు వచ్చి పాడుదురు. పాట వినుచు అన్నదమ్ములును ఆడబిడ్డయు ఒకరినొకరు పట్టుకొని యేడ్తురు. అపుడు కాకి వచ్చి పిండము ముట్టును.

ఆ పాట పాడినవారు మొగిలయ్యయు కొమురమ్మయు. తెరమీద కనబడినవారును వారే. ఇది చిన్న విషయము కాదు. 1963 నాటి 'లవకుశ' చిత్రమును మన తల్లులు బండ్లు కట్టుకొనిపోయి చూచిరి గదా! అందు బాలుర నోట వచ్చిన కంఠము లీలగారిది, సుశీలగారిది. పెదవి యొకరిది, కంఠమొకరిది యగుట తెరమీద ఆచారము. అది తప్పును గాదు. 'బలగం'లో మాత్రము పెదవియు, కంఠమును, ముఖమున ముడుతలును అన్నియు ఆ దంపతులవే. వారిని నటులనవలెనా, పాటగాండ్రనవలెనా యను శంక నాకు కలిగినది.

ఆ శంక మన భాషయే తీర్చుచున్నది. సంస్కృతమున 'కుశీలవ' శబ్దమునకు గాయకుడనియు నటుడనియు అర్థములు గలవు. మా నాయనగారు నాకు రామాయణము చెప్పునపుడు, కుశలవుల పేరును ఈ మాటతో జోడించి వివరించుట జ్ఞాపకము. ఊరూర వాల్మీకి కావ్యమును పాడిన ఆ బాలురు కడపట రాజసభలో పాడిరి. పాడుచు పాడుచు తమ తండ్రికే తమ కథను వినిపించిరి. విడిపోయిన కుటుంబము పాటవలననే ఎదురుపడెను. కావున పల్లెపాటగాడు నటుడగుట వింత గాదు. మన దేశమున రెండును ఒకే వృత్తి.

మా ప్రాంతమునకు సమీపమున గూడ ఇట్టి వాడొకడుండెను. మేడ్చలు దాటి ఉత్తరముగా పోయినచో వచ్చు తూప్రానులో 1949లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు, గద్దరని లోకమెఱుగును. కెనరా బ్యాంకులో ఉద్యోగము చేసి విడిచిపెట్టినవాడు. 1979లో గౌతం ఘోష్ తీసిన 'మా భూమి' చిత్రమున గొంగడి భుజమున వేసికొని తానే కనబడి పాడెను. 2011లో 'జై బోలో తెలంగాణ'లో నటించెను. 2023 ఆగస్టు 6న మరణించువరకు అల్వాలు ఆయన నివాసము. ఆయన రాజకీయముతో ఏకీభవించువారును, భేదించువారును గలరు. ఆ పాటను మాత్రము అందఱును వినిరి. రాష్ట్రప్రభుత్వము చలనచిత్ర పురస్కారములకు ఆయన పేరు పెట్టగా, 2023వ సంవత్సరపు ఉత్తమచిత్రముగా ఆ పురస్కారము 'బలగం'నకే వచ్చెను. ఆ చిత్రమునకు పాట వ్రాసిన కాసర్ల శ్యాంగారికి 2025లో జాతీయ పురస్కారము ప్రకటింపబడెను.

ఇక మా యింటి సంగతి. మావారికిని బావగారికిని ఆరేండ్లు మాటలు లేకపోయెను. తాతలనాటి రెండెకరముల చెలక యొకటి గలదు. దానిమీద జొన్న పండిన దినములలో ఎవరికిని పట్టలేదు. గజముల లెక్కన ధర పలికిన దినమున ఇద్దఱికిని పట్టినది. అత్తగారు బావగారి యింట నుండిరి. పండుగనాడు నేను ఫోను చేసినచో, "చిన్నోడు బాగున్నడా?" అని యడిగి ఊరకుండెడివారు. తోడికోడలును నేనును పెండ్లిండ్లలో ఎదురుపడి, వేరువేరు బంతులలో కూర్చుండెడివారము. ఇరువురము ఒకప్పుడు ఒకే రోట చట్నీ నూరినవారము.

2023 వేసవిలో ఒకరాత్రి ఇంటిలోనే ఆ చిత్రము చూచితిమి. కడపటి పాట వచ్చునపుడు మావారు లేచి పెరటిలోనికి పోయిరి. మంచినీళ్లకేమోయనుకొంటిని. పాట ముగిసినను రాలేదు. బయట చీకటిలో గట్టుమీద కూర్చుండి యుండిరి. నేను పిలువలేదు. మఱునాడు బడికి పోయి వచ్చి ఏమియు ననలేదు. మూడవనాడు ఆదివారము, పొద్దుననే చొక్కా తొడిగికొని, "అన్న దగ్గఱకు పోయి వచ్చెద" ననిరి. రాత్రికి తిరిగివచ్చిరి. ఏమి మాటలాడుకొనిరో నేనడుగలేదు. భోజనము వేళ, "అన్న చేతులు వణకుచున్నవి" అని మాత్రమనిరి.

చెలక తగవు నేటికిని పూర్తిగా తీరలేదు. కొలతలు జరుగుచున్నవి. పాట వినినంతనే పట్టాకాగితములు సరిపడునని నేను చెప్పను. కాని ఆ యేటి దసరాకు అత్తగారి యిరుప్రక్కల ఇద్దఱు కొడుకులును కూర్చుండి తినిరి. ఆమెకు కావలసినది అదియే. అదే వేసవిలో పల్లెలలో నడివీధిని తెరలు కట్టి ఊరంతయు ఆ చిత్రము చూచుటయు, పలుకులు మానిన అన్నదమ్ములు కలియుటయు పత్రికలలో చదివితిమి. కోర్టులకును పెద్దమనుషులకును చేతగాని పనిని ముదుసలి దంపతుల పాట యొకటి చేసినది.

ఇపుడు నేనడుగునది యొక్కటే. ఆ పాటకు మన మిచ్చిన మూల్యమెంత?

చిత్రము విజయముగా నడచుచున్న దినములలోనే మొగిలయ్యకు మూత్రపిండములు చెడి డయాలిసిస్ జరుగుచుండెను; చూపు గూడ మందగించెను. ఆ వార్త వెలువడగా ప్రభుత్వమును, చిత్రమునకు సంబంధించినవారును, ఇతరులును సాయము చేసిరి. అది చెప్పకుండుట కృతఘ్నత. కాని ఆ సాయమంతయు ఆపదలోనున్నవానికి జాలిచే ఇచ్చినది. పనివానికి కూలి ముట్టుట వేరు, రోగికి దానము ముట్టుట వేరు. 2024 డిసెంబరు 19న ఆయన కన్నుమూసెను. ఆయనకు 67 ఏండ్లు. ఊరూర పోయినవారిపై పాటలు పాడిన నోరది.

కిన్నెర మొగులయ్యగారి గతియు చూచితిమి. పద్మశ్రీ వచ్చిన రెండేండ్లకు, 2024లో, నగరపు శివారున కూలిపనిలో నున్న ఆయన చిత్రమును పత్రికలు ప్రచురించినవి. తెర పాటగానికి కీర్తినిచ్చును. ఆ కీర్తి ప్రతిదినమును పొయ్యి వెలిగింపజాలదు.

వేరొక దేశములో ఎట్లుండునోయని విచారించితిని. అమెరికాలో పల్లెపాటలకు 'కంట్రీ' సంగీతమని పేరు. టెనెసీ రాష్ట్రమున పేదయింట, పండ్రెండుగురు సంతానములో నొకతెగా, 1946లో పుట్టిన డాలీ పార్టన్ అట్టి గాయని. 1980లో 'నైన్ టు ఫైవ్' చిత్రముతో నటియయ్యెను. 1974లో ఆమె తాను కట్టిన వీడ్కోలు పాట నొకదానిని ప్రసిద్ధగాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పాడగోరెను. పాటమీది ప్రచురణహక్కులో సగమిచ్చినచో పాడుదురని ఆయన పక్షమువారు చెప్పిరట. ఎంత గొప్ప గాయకుడైనను ఆమె యియ్యలేదు. ఆ రాత్రి యేడ్చితినని తరువాత చెప్పుకొన్నది. 1992లో 'ది బాడీగార్డ్' చిత్రమున విట్నీ హ్యూస్టన్ అదే పాట పాడగా, హక్కు చేతనుండుటచే ధనము ఆమె యింటికి వచ్చినది. 1995నుండి ఆమె పసిపిల్లలకు ఉచితముగా పుస్తకములు పంపుచున్నది. పాట తనదని నిలబెట్టుకొన్న స్త్రీ యితరులకు పెట్టగలదైనది.

మన దేశమున గూడ 2012లో కాపీహక్కుల చట్టమును సవరించిరి. చలనచిత్రపు పాట వ్రాసినవారికిని, స్వరము కట్టినవారికిని, ప్రదర్శించినవారికిని వ్యాపారముగా వాడిన ప్రతిఫలములో భాగముండవలెనని అందున్నది. కాని తాతముత్తాతలనుండి నోటనోట వచ్చిన పాటకు కర్త యెవరని చూపవలెను? కాగితముమీద వ్రేలిముద్ర వేయువానికి అందేమున్నదో చదివి చెప్పువారెవరు? చట్టము తలుపు తెఱచినది. లోనికి నడుచుట కింకను దారి వేయవలసియున్నది. చదువుకొన్న మన పిల్లలు, న్యాయవాదులైన మన ఆడపడుచులు ఇట్టివారికి ఒక గంట కాలమిచ్చినచో ఎంతో మేలు.

మరియొక సంగతి, ఇది స్త్రీలమైన మనకు ప్రత్యేకముగా తోచవలసినది. 'మొగిలయ్య పాట' యని లోకము వాడుకగా పిలిచినది. కొమురమ్మ పేరు వెనుక వచ్చుచుండెను. కొన్నిచోట్ల రాకపోవుటయు గలదు. ఈ కథలలో మగడు ఊపిరి తీసికొనునపుడు పాట తెగకుండ పట్టునది ఆలి. అతడు మఱచిన పాదమును అందించునది ఆమె. అట్టి జంటలో ఒకరు పోయినచో మిగిలినవారికి జీవనసహచరుడును, జీవనోపాధియు ఒకేనాడు పోవును. చేనేతలోను, కుమ్మరిసారెకడను, మన వంటింటిలోను గూడ ఇట్లే గదా! పనిలో సగమైనదానికి పేరులో సగము రాదు. కావున ఇకమీదట ఆ పాటను తలచునపుడు ఇరువురి పేర్లును తలతుము గాక.

రామాయణమున మొదట కుశలవులు మునుల నడుమ పాడినప్పుడు, విన్న మునులు ఊరకుండలేదు. ఒకరు కలశమిచ్చిరి, ఒకరు వల్కలమిచ్చిరి. తమ కడ నున్నదే యిచ్చిరి. తరువాత రాముడు పదునెనిమిదివేల సువర్ణములిమ్మనగా, అడవిలో తినువారికి ధనమేలయని బాలురు వలదనిరి. మన వాకిటికి వచ్చువారు ఆశ్రమవాసులు కారు. వారికి అద్దెయున్నది, మందులున్నవి, పిల్లల బడిజీతమున్నది. వలదనుటకు వారికి వీలులేదు. ఈయకుండుటకు మనకు న్యాయము లేదు.

గృహిణులమైన మనము చేయదగినవి పెద్దపనులు గావు. పాటగాండ్రు వాకిటికి వచ్చినచో ముందు కూర్చుండుమని చాపయో కుర్చీయో వేయుదము; మంచినీళ్లిత్తము. పాట విని, ఇంత యిచ్చెదమని ముందుగానే చెప్పి, అది బిచ్చముగా గాక పనికి జీతముగా చేతికిత్తము. సెల్‌ఫోనులో పట్టదలచినచో వారి యనుమతి యడుగుదము. ఎవరికైన పంపునపుడు వారి పేరును ఊరును చేర్చి పంపుదము. ఇంట పెద్దకర్మ జరుగునపుడు, పూలదండలకును భోజనములకును పెట్టు వ్యయములో కొంత తగ్గించి, కథ చెప్పువారిని పిలుతము. పిల్లలను ఎదుట కూర్చుండబెట్టుదము. మావారు తమ బడిలో వార్షికోత్సవమునకు సినిమా పాటల నృత్యములతోపాటు ఒక గంట శారదకథ పెట్టింప దలచియున్నారు. పిల్లలు కూర్చుందురోలేదోయని కొందఱు ఉపాధ్యాయులు సందేహించుచున్నారు. జరిగినపిదప వ్రాసెదను.

గత మాఘమాసమున మా వీథిలో మరల శారద వినబడెను. నేను చేతిలోని గరిట అట్లే యుంచి గేటు కడకు పరుగెత్తితిని. ఇదివఱకు వచ్చిన దంపతులు కారు. మధ్యవయస్కుడొక్కడే; భార్య వెంట లేదు. "ఆమెకు మోకాళ్ల నొప్పులమ్మా, నడువలేదు" అనెను. కూర్చుండబెట్టితిని. వంత లేకయే అరగంట పాడెను. ఎచ్చటెచ్చట ఆమె అందుకొనవలసినదో అచ్చటచ్చట ఒక క్షణమాగి, తానే అందుకొని సాగించుచుండెను. పాట ముగిసినపిదప అతని జీతముతోపాటు ఆమె జీతమును లెక్కించి యిచ్చితిని. అతడు నోట్లను రెండుగా విడదీసి, ఒక భాగమును వేరుగా రుమాలులో కట్టుకొనెను.